నలభై ఏళ్ల లెక్క రాసేదెవరు?

2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర జరిగిన అగ్నిప్రమాదం 17 మందిని పొట్టన పెట్టుకున్నాక, హైదరాబాద్ పాతబస్తీలో జనం గుమిగూడే చోట్ల భద్రత గురించి అందరూ మాట్లాడారు. మెట్లు ఎన్ని, వైరింగ్ ఎప్పటిది, ఫైర్ ఎన్‌ఓసీ ఉందా లేదా? అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఫంక్షన్ హాలుకు, పాత సినిమా హాలుకు, స్నూకర్ పార్లర్‌కు, పహిల్వాన్లు కసరత్తు చేసే తాలీంఖానాకు పైకప్పు ఏమిటని అడిగినవాళ్లు కనబడరు. పైన ఉన్నది చాలాచోట్ల సిమెంటు రేకు, అంటే రాతినార కలిపిన ఆస్బెస్టాస్ రేకు. దాని మీద వాదన ఎప్పుడు లేచినా ఒకరు నిషేధించాలంటారు, ఇంకొకరు పేదవాడి కప్పు తీసేస్తారా అంటారు. రేపే నిషేధం వచ్చినా నిన్న వేసిన రేకు నెత్తిమీదే ఉంటుంది. దాన్ని ఎవరు చూసుకోవాలన్నది ఈ ఇద్దరికీ పట్టని సంగతి. చూసుకోవాల్సింది యజమాని, చూసుకునేలా చేయాల్సింది లైసెన్సు ఇచ్చే కార్పొరేషన్.

ఈ చర్చలో అందరూ దాటేసే అంకె ఒకటుంది: 40. ఆస్బెస్టాస్ పరిశ్రమలో పనిచేసే ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన రోజు నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకూ దాచాలని 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి. నలభై ఏళ్లన్నది ఊరికే అనలేదు. ఈ నార ఊపిరితిత్తుల్లో చేరాక జబ్బు బయటపడటానికి పదిహేనేళ్లు పట్టొచ్చు, నలభై ఏళ్లూ పట్టొచ్చు. బ్రిటన్ దీన్ని 1999లో నిషేధించింది. పాతికేళ్లు దాటినా అక్కడ ఏటా రెండు వేల మందికి పైగా ఊపిరితిత్తుల పొరకు వచ్చే మీసోథీలియోమా క్యాన్సర్‌తో చనిపోతున్నారు. వాళ్లలో ఎక్కువమంది పీల్చింది 1960లు, 70ల నాటి దుమ్ము. కాబట్టి ‘ఇన్నేళ్లుగా హాలు నడుపుతున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు’ అనే మాట రుజువు కాదు. నలభై ఏళ్ల కింద ఆ రేకు బిగించిన మనిషి ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో చెప్పగలరా? అతని పేరు ఎక్కడైనా రాసి ఉందా?

రేకులో నార నూటికి పది పాళ్లు కూడా ఉండదని, ఉన్నదీ సిమెంటులో గట్టిగా బిగుసుకుని ఉంటుందని పరిశ్రమ అంటుంది. కదలని, పగలని రేకు విషయంలో ఇది చాలావరకు నిజమే. మూడు గంటలు కూర్చుని బిర్యానీ తిని వెళ్లే అతిథికి ముప్పు తక్కువేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఫంక్షన్ హాలు రేకును కదలకుండా ఉండనిచ్చేదెవరు? ప్రతి పెళ్లికీ కొత్త డెకరేషన్. కుర్రాడు నిచ్చెన ఎక్కి, దీపాల దండకు హుక్కు కోసం రేకుకు డ్రిల్లు పెడతాడు. తల పైకెత్తి, నోరు తెరుచుకుని. తెల్లపొడి అతని కనుబొమ్మల మీద పడుతుంది, కింద పరిచిన కార్పెట్ మీదా పడుతుంది. పొద్దున ఊడ్చే ఆమె దాన్నే పొడి చీపురుతో మళ్లీ గాల్లోకి లేపుతుంది. వానాకాలం పాత పగులుకు తారు షీటు అతికిస్తారు, ఎండాకాలం అది ఊడుతుంది. మన దగ్గర వాడేది తెల్ల ఆస్బెస్టాస్, దానితో భయం లేదని ఇంకో వాదన. తెల్లదైనా నీలిదైనా అన్నీ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగానే చెప్పింది.

ఈ రేకుకు పెద్ద బ్రాండు పేరే చార్మినార్. 1946లో పుట్టిన హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ సనత్‌నగర్‌లో తయారుచేసి దేశమంతా అమ్మింది. ఆ కంపెనీయే తర్వాత ఆస్బెస్టాస్ లేని రేకునూ చార్మినార్ పేరుతోనే మార్కెట్లోకి తెచ్చింది. కాబట్టి వేరే దారి లేదనే మాట చెల్లదు. విడ్డూరం చట్టంలో ఉంది. ఫ్యాక్టరీలో పారేసిన ఆస్బెస్టాస్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. అదే రేకు షాదీఖానా మీద ముప్పై ఏళ్లు ఎండి, పెళుసెక్కి, పగిలాక ఆటో ట్రాలీలో మట్టితో పాటు వెళ్లిపోతుంది. ఫ్యాక్టరీ కార్మికుడికి కనీసం కాగితం మీద 40 ఏళ్ల రికార్డుంది. దాన్ని హాలుకు బిగించినవాడికి, డ్రిల్లు పెట్టినవాడికి, విప్పినవాడికి నలభై రోజుల రికార్డు కూడా లేదు. జనగణనలో సైతం ఇనుప రేకును, ఆస్బెస్టాస్ రేకును ఒకే గడిలో వేశారు. ఎంత ఉందో లెక్కే లేనిచోట నియంత్రణ ఎక్కడిది?

ఇప్పుడు పాతబస్తీకి మెట్రో పనులు వచ్చాయి. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, షాలిబండ, షంషేర్‌గంజ్, అలియాబాద్ మీదుగా సుమారు 1,100 ఆస్తులకు దెబ్బ తగులుతుందని మొదట లెక్కవేశారు. 2025 జనవరిలో కూల్చివేతలు మొదలయ్యాయి. గజానికి 81 వేల పరిహారం చాలదని ఒకరు, వారసత్వ కట్టడాలు పోతాయని ఒకరు వాదించారు. రెండూ న్యాయమైన వాదనలే. కూల్చే కప్పుల్లో ఆస్బెస్టాస్ ఎంత, దాన్ని ఎలా దించాలన్నది మాత్రం ఎవరికీ వాదన కాలేదు. రేకును తడిపి, బోల్టు విప్పి, ముక్క కాకుండా దించితే దుమ్ము తక్కువ. జేసీబీతో ఒక్క గుద్దు గుద్దితే వీధంతా దుమ్మే.

హాళ్ల రేకులన్నీ రేపే పీకేయమని నేను అనడం లేదు. హడావిడిగా పీకితే ఇప్పుడున్న ముప్పు పెరుగుతుంది. చిన్న యజమానికి ఆ ఖర్చు మోయలేని భారం కూడా. కానీ లైసెన్సు రెన్యువల్ కాగితంలో పైకప్పు దేనిది, ఏ ఏడాదిది, ఎక్కడెక్కడ పగిలింది అని మూడు గడులు పెట్టడానికి ఏం ఖర్చు? ‘ఈ రేకుకు డ్రిల్లు పెట్టరాదు’ అని గోడ మీద తెలుగులో, ఉర్దూలో రాయడానికి ఏం ఖర్చు? కూల్చివేత టెండరులో ముందస్తు సర్వే ఒక షరతుగా చేర్చడానికి ఎవరి అనుమతి కావాలి? ఖజానా ఖాళీ అన్న సాకు ఇక్కడ పనికిరాదు. ఇది ఒట్టి బద్ధకం, దాని వెనక లెక్క మాత్రం పక్కాగా ఉంది: జబ్బు బయటపడే నాటికి సంతకం పెట్టిన అధికారి రిటైరై ఉంటాడు, కాంట్రాక్టరు పేరు మార్చుకుని ఉంటాడు. షాలిబండలో రేకులు దించే పాతికేళ్ల కూలీకి నలభై ఏళ్లు కలపండి. 65. ఆ రోజు అతను ఏ ఆసుపత్రి మెట్లెక్కినా, ఫలానా చోట ఫలానా రేకు దించానని చూపించుకోవడానికి ఒక కాగితం కావాలి. ఆ కాగితం ఈ రోజే రాయాలి. కార్పొరేషన్ కమిషనర్ గారూ, ఫారం మార్చండి.