తడక చాటు స్నానం ఇంకెన్నాళ్లు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఆడవాళ్లు చుట్టే బీడీల మీద ఎన్నో ఇళ్లు నడుస్తున్నాయి. ఆ ఇళ్లలో స్నానాల గది మరమ్మతు వంతు మాత్రం అన్నిటికన్నా చివర. గొళ్లెం ఊడినా, నల్లా కారుతున్నా, కిందంతా పాకుడు పట్టినా 'తర్వాత చూద్దాం' అంటారు. మగవాళ్లకేం, వాకిట్లోనే పోసుకుంటారు! తెల్లారకముందే తడక చాటున, ఒంటిమీద చీరతోనే పోసుకోవలసింది మనమే. రోజంతా తంబాకు దుమ్ములో కూర్చున్న ఒంటికి అదీ ఒక స్నానమేనా? బహిష్టు రోజుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

2014లో మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ కింద గ్రామాల్లో ఇచ్చిన 12,000 రూపాయలు మరుగుదొడ్డికే, స్నానాల గదికి కాదు. ఆ పక్కనే ఇంకో గోడ లేపాలంటే అప్పే. సంఘంలో మన పేర తెచ్చే అప్పులోంచి ముందు తలుపుకు, గొళ్లేనికి డబ్బు తీసి పెడదాం. నల్లా వాషరు మార్చడానికి మేస్త్రీ ఎందుకు? పానా పట్టడం మనమే నేర్చుకుందాం.