మిర్యాము వచ్చేదాకా కదలని పాళెం

ఆదివారం ఆరాధన జరుగుతుండగా వెనుక వరుసలో ఒక సహోదరుడు ఆగకుండా దగ్గుతుంటాడు. నెల రోజులుగా అదే దగ్గు. మనిషి చిక్కిపోయాడు, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. అడిగితే 'నీళ్లు పడలేదు లెండి' అంటాడు. మనం తల ఊపి ఊరుకుంటాం. అది క్షయ అని తేలితే మాత్రం మరుసటి వారమే ఆయన పక్క కుర్చీ ఖాళీ అవుతుంది. ఆయన తాగిన గ్లాసు విడిగా పెడతారు. ఆయన ఇంట్లో ప్రార్థన కూడిక అంటే ఎవరికీ తీరిక దొరకదు. తెలియక ముందు నిర్లక్ష్యం, తెలిశాక వెలి! అంటువ్యాధుల విషయంలో మనం తరచుగా చేసే పొరపాట్లు ఈ రెండే. దేవుని వాక్యం నేర్పింది మాత్రం వీటిలో ఏదీ కాదు.

లేవీయకాండం 13వ అధ్యాయం రాగానే మనలో చాలామందిమి పేజీలు గబగబా తిప్పేస్తాం. అందులో చెప్పిన చర్మరోగం వేరు, క్షయ వేరు. కానీ అక్కడున్న క్రమం గమనించండి. అనుమానం రాగానే యాజకుడు తీర్పు చెప్పేయడు. చూస్తాడు. స్పష్టంగా లేకపోతే ఏడు రోజులు వేరుగా ఉంచి మళ్లీ చూస్తాడు. అవసరమైతే మరో ఏడు రోజులు. రోగం ఉన్నవాడు తన పైపెదవిని కప్పుకోవాలన్న మాట కూడా అక్కడే ఉంది (13:45). ఇక 14వ అధ్యాయం బాగుపడినవాణ్ణి తిరిగి ఎలా చేర్చుకోవాలో వివరిస్తుంది. వేరుగా ఉంచడం గురించి చెప్పిన ధర్మశాస్త్రం, తిరిగి చేర్చుకోవడం గురించీ అంతే శ్రద్ధగా చెప్పింది. మొదటిది గుర్తుంచుకుని రెండోది మరచిపోయింది మనమే.

ఇప్పుడు మన మధ్య ఉన్న క్షయ సంగతికి వద్దాం. ఈ రోగానికి కారణమైన సూక్ష్మక్రిమిని రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న లోకానికి ప్రకటించాడు. అందుకే ఏటా ఆ తేదీని ప్రపంచ క్షయ దినంగా పాటిస్తారు. మందులు వచ్చి దశాబ్దాలు గడిచినా, ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. ఊపిరితిత్తుల క్షయ గాలి ద్వారా సోకుతుంది. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, పెద్దగా పాడినప్పుడు కూడా క్రిములు గాలిలో కలుస్తాయి. కరచాలనం వల్ల, కలిసి భోంచేయడం వల్ల, ఒకే గ్లాసు వల్ల అది రాదు. మనం చేస్తున్నదేమిటి? గ్లాసు వేరు చేస్తున్నాం, కిటికీలు మాత్రం మూసేస్తున్నాం! చిన్న గదిలో తలుపులన్నీ బిగించుకుని గంటల తరబడి పాటలు ప్రాక్టీసు చేస్తున్నాం. భయపడాల్సిన చోట ధైర్యం, ధైర్యంగా ఉండాల్సిన చోట భయం.

ఈ రోగంతో తెలుగు నేలపై క్రైస్తవులకున్న సంబంధం పాతదే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో పలు మిషన్లు చేతులు కలిపి క్షయ రోగుల కోసం శానిటోరియం నడిపాయి. మందులు లేని ఆ రోజుల్లో ధారాళమైన గాలి, విశ్రాంతి, మంచి తిండి, సేవ చేసే చేతులే వైద్యం. మందులు వచ్చాక 1950లలో మద్రాసులో ఒక ప్రసిద్ధ పరిశోధన జరిగింది. శానిటోరియంలో ఉన్నవారికీ, ఇంటి దగ్గరే మందులు వాడినవారికీ ఫలితాలు దాదాపు ఒకేలా వచ్చాయని 1959లో వెల్లడైంది. మందులు వాడుతున్న రోగి ఇంట్లోనే ఉన్నందువల్ల కుటుంబ సభ్యులకు అదనపు ముప్పు కూడా కనబడలేదు. అంటే రోగిని ఊరవతలకు పంపనక్కర్లేదు. మందు అందితే చాలు. సరైన మందులు మొదలైన కొద్ది వారాల్లోనే ఇతరులకు సోకే ప్రమాదం బాగా తగ్గిపోతుంది.

అయితే ఆ మందులు మధ్యలో ఆపకూడదు. మామూలు క్షయకు సాధారణంగా ఆరు నెలల చికిత్స. రెండో నెలకే దగ్గు తగ్గి, ఆకలి పెరిగి, ఒంట్లో బలం వస్తుంది. సరిగ్గా ఇక్కడే మన సంఘాల్లో ఒక ప్రమాదం పొంచి ఉంది. 'ప్రార్థన చేయించుకున్నాను, దేవుడు ముట్టాడు' అని సాక్ష్యం చెప్పి మాత్రలు పక్కన పెట్టేస్తారు. లోపల మిగిలిన క్రిములు మందులకు లొంగకుండా మొండికేస్తాయి. అలాంటి క్షయే ఇంట్లో పిల్లలకూ సోకవచ్చు. ప్రభువైన యేసు కుష్ఠరోగిని జాలితో ముట్టి బాగుచేశాడు. అయినా వెళ్లి యాజకునికి కనబరచుకోమని పంపాడు (మార్కు 1:40-44). స్వయంగా బాగుచేసినవాడే పరీక్ష తప్పించలేదు! సాక్ష్యం తప్పక చెబుదాం. వైద్యుడు ఆపమనేదాకా మాత్రలూ మింగుదాం. దేవునికి ఈ రెంటిలో ఏదీ అవమానం కాదు.

మనం చేయగలిగినవి పెద్ద పనులేం కావు. ఆరాధన మొదలయ్యే ముందే మందిరం తలుపులు, కిటికీలు బార్లా తెరుద్దాం. దగ్గు వస్తే రుమాలో మోచేయో అడ్డం పెట్టుకోవడం సండే స్కూలు పిల్లలకు నేర్పుదాం. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా ప్రభుత్వ ఆసుపత్రికి వెంటబెట్టుకుని వెళ్దాం. తెమడ పరీక్ష, మందులు అక్కడ ఉచితం. రోగి ఇంట్లో ఉన్నవారంతా, ముఖ్యంగా పసిపిల్లలు, పరీక్ష చేయించుకునేలా చూద్దాం. ఒంట్లో బాగోలేని రోజున ఇంట్లోనే ఉండి ప్రార్థించుకునే విశ్వాసిని 'ఆరాధన మానేశాడు' అని అనకుండా ఉందాం.

మరొకటి. పౌష్టికాహారం లేని ఒంటిని క్షయ తేలిగ్గా లొంగదీస్తుంది. జార్ఖండ్‌లో రోగుల కుటుంబాలకు అదనపు ఆహారం ఇచ్చి చూస్తే, ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గిందని 2023లో వెలువడిన పరిశోధన తెలిపింది. మన సంఘాల్లో స్త్రీలు పిడికెడు బియ్యం తీసి కానుకగా తెచ్చే ఆచారం ఉంది కదా! ఆ బియ్యంలో కొంత, దానితోపాటు కాస్త పప్పు, నూనె, గుడ్లు ఆరు నెలలపాటు ఆ ఇంటికి చేరితే అదీ చికిత్సలో భాగమే.

అరణ్యంలో మిర్యాముకు కుష్ఠు సోకినప్పుడు ఆమెను ఏడు రోజులు పాళెం వెలుపల ఉంచారు. మోషే అక్క అని నియమం సడలలేదు. అయితే ఆ ఏడు రోజులూ ఇశ్రాయేలు ప్రజలు ముందుకు సాగలేదు. ఆమెను తిరిగి చేర్చుకున్నాకే ప్రయాణమయ్యారు (సంఖ్యా 12:14-16). కానానుకు వెళ్లాల్సిన అంతమంది ఒక్క రోగి కోసం ఆగారు. జాగ్రత్త అంటే అది, ప్రేమ అంటే కూడా అదే. వచ్చే ఆదివారం వెనుక వరుసలో దగ్గు వినబడితే మనం కుర్చీ జరుపుకోవద్దు. కిటికీ తెరుద్దాం. ఆరాధన అయ్యాక ఆయన దగ్గరకు వెళ్లి, 'రేపు ఉదయం ఆసుపత్రికి నేనూ వస్తాను' అని చెబుదాం.