పూడిక శాతమా, నాళపు పొరా?

గత సంవత్సరం మా సహాధ్యాపకులొకరు యాంజియోగ్రాం చేయించుకొని వచ్చి, "పూడిక 30 శాతమేనట!" అంటూ స్టాఫ్ రూములో అందరికీ టీ ఇప్పించారు. పరీక్షలో 30 మార్కులు వచ్చిన విద్యార్థిని తప్పించే మేము, ఆ అంకెకే ఆయనను అభినందించాము. ఆ సంతోషంలో ఆయన వైద్యులు వ్రాసిన మాత్రలు మానివేశారు. విడిచిన సిగరెట్టును తిరిగి అందుకొన్నారు. ఏడు మాసాలకు గుండెపోటు వచ్చింది. అదృష్టవశాత్తు బ్రతికి బయటపడ్డారు.

హృదయ ధమనిని నీటి గొట్టంగా భావించడమే ఈ అనర్థానికి మూలమని మా అభిప్రాయం. గొట్టం జడం; ధమని లోపలి పొర సజీవం. ఒకే ఒక కణం మందం గల ఈ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేసి నాళాన్ని సడలిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా కాపాడుతుంది. 1980లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు ధమనులపై చేసిన ప్రయోగాలను ప్రకటించాడు. ఎసిటైల్ కోలిన్ తగలగానే పొర ఉన్న ధమని సడలింది. పొర గీకివేసిన ధమని సడలలేదు. ఈ మార్గంలో జరిగిన పరిశోధనలకే 1998లో ఆయనకు, మరి ఇద్దరికి నోబెల్ బహుమతి లభించింది.

పొగాకు, రక్తపోటు, మధుమేహం ఈ పొరను గాయపరుస్తాయి. అప్పుడు కొవ్వు నాళపు గోడలోనికి దిగి ఫలకంగా పేరుకొంటుంది. ఆ కొవ్వును తినడానికి చేరిన తెల్లకణాలు స్రవించే పదార్థాలు ఫలకంపై గల నారపొరను పలుచబరుస్తాయి. అది చిట్లితే రక్తం అక్కడే గడ్డకట్టి నిమిషాలలో దారి మూసుకొంటుంది. ఇందుకు ఫలకం పెద్దది కానక్కరలేదు.

గుండెపోటు వచ్చిన వేళ స్టెంటు ప్రాణదాతయే. కాని 2007లో వెలువడిన కరేజ్ అధ్యయనంలో, నిలకడగా ఉన్న గుండెనొప్పి రోగులకు మందులతోపాటు స్టెంటు వేసినా మరణాలు గాని, గుండెపోట్లు గాని తగ్గలేదు. ఫలకంలోని కొవ్వును తగ్గించి దానిని స్థిరపరచేవి మా మిత్రులు మానివేసిన ఆ స్టాటిన్ మాత్రలే.

"అయితే ఆ శాతం ఎందుకండీ వ్రాస్తారు?" అని ఆయన ఇప్పుడు అడుగుతున్నారు. మెట్లెక్కినప్పుడు నొప్పి ఎందుకు వస్తున్నదో తెలుసుకోవడానికి అది ఉపకరిస్తుంది. ఏ ఫలకం ఎప్పుడు చిట్లుతుందో అది చెప్పజాలదు. ఆయన మాత్రలు వేళకు వేసుకొంటున్నారు. సిగరెట్టు పెట్టె మాత్రం ఇంకా సొరుగులోనే ఉన్నదని మాకు తెలుసు.