పదమూడు శాతం మంది తేల్చే సీటు

న్యూయార్క్ 14వ కాంగ్రెస్ నియోజకవర్గంలో జనాభా ఏడు లక్షల దాకా ఉంటుంది. 2018 జూన్ 26న అక్కడ జరిగిన డెమోక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే పోలింగులో, అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్‌కు పడిన ఓట్లు దాదాపు 17 వేలు. పదిసార్లు గెలిచి, క్వీన్స్ జిల్లా పార్టీని గుప్పిట్లో పెట్టుకుని, కాబోయే స్పీకర్‌గా పేరుపడ్డ జో క్రౌలీకి 13 వేలు కూడా రాలేదు. బార్‌లో పనిచేసిన అమ్మాయి పెద్ద నాయకుణ్ని పడగొట్టిందని లోకమంతా చెప్పుకుంది. నాకు ఆ కథకంటే లెక్క ముఖ్యం. పార్టీ జాబితాలోని ఓటర్లలో ఆ రోజు వచ్చినవాళ్లు సుమారు 13 శాతం. ఒకే పార్టీకి కంచుకోటలైన ఇలాంటి చోట్ల నవంబరు పోలింగు లాంఛనమే. సీటు ఎవరిదో జూన్‌లోనే ఆ కొద్దిమంది తేల్చేస్తారు.

అంటే సిట్టింగ్ సభ్యుడికి అసలు అండ పోలింగ్‌కు రానివాళ్లే. క్రౌలీకి అంతకుముందు పద్నాలుగేళ్లపాటు ప్రైమరీలో పోటీయే లేదు. పోటీ లేనిచోట ఎన్నిక తేదీ మాత్రం ఎవరికి గుర్తుంటుంది? నిబంధనలూ ఆయనకే కలిసొచ్చాయి. పార్టీ సభ్యులుగా నమోదైనవారికే ఓటు. నమోదు మార్చుకోవాలంటే గడువు అంతకు ముందు ఏడాది అక్టోబరుతోనే ముగిసింది. పోటీదారు పేరైనా జనం చెవిన పడకముందే తలుపు మూసేశారన్నమాట. అప్పట్లో కాంగ్రెస్ ప్రైమరీ జూన్‌లో, రాష్ట్ర పదవులది సెప్టెంబరులో జరిగేవి. బ్యాలెట్‌పై పేరు రావాలంటే 1,250 మంది పార్టీ ఓటర్ల సంతకాలు కావాలి. ఒక్కటి తేడాగా కనిపించినా ప్రత్యర్థి లాయర్లు ఊరుకోరు. ఇన్ని కంచెల వెనకున్న క్రౌలీ ఒక చర్చకు తాను రాకుండా తన తరఫున మరొకరిని పంపారంటే ఆశ్చర్యమేముంది?

రిపబ్లికన్ల వైపు ఇదే పాఠం నాలుగేళ్ల ముందే వచ్చింది. 2014లో వర్జీనియాలో ప్రతినిధుల సభ మెజారిటీ నేత ఎరిక్ కాంటర్ తన సర్వేలో 34 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారు. పోలింగ్ నాడు డేవ్ బ్రాట్ అనే కాలేజీ ప్రొఫెసర్ చేతిలో ఓడిపోయారు. సర్వే చేసినవాళ్లు ఓటేస్తారనుకున్నవాళ్లనే అడిగారు. 2012లో 47 వేలున్న ఓటింగు ఈసారి 65 వేలకు చేరింది. ప్రచార సలహాదారులు గత ప్రైమరీల్లో ఓటేసినవారి జాబితా పట్టుకుని ఆ ఇళ్లకే వెళ్తారు. ఖర్చు తక్కువ, శ్రమా తక్కువే. కొత్తగా పోటీకి దిగినవారు ఆ జాబితాలో లేని ఇంటి తలుపు కొట్టకపోతే మిగిలేది ఓటమే.

ఓటర్లు తక్కువున్న మైదానం డబ్బుకూ అనుకూలమే. 2020లో జమాల్ బోమన్, 1989 నుంచి సభ్యుడిగా ఉన్న ఎలియట్ ఎంగెల్‌ను ఓడించారు. ప్రైమరీ లేకపోతే తనకు పట్టేదే కాదని ఎంగెల్ అన్న మాట మైకులో వినిపించడం ఆయనకు పెద్ద దెబ్బ. నాలుగేళ్లకు బోమన్ వంతు వచ్చింది. ఇజ్రాయెల్ అనుకూల లాబీకి చెందిన సూపర్ ప్యాక్ అనే ప్రచార నిధి ఆయన్ను ఓడించడానికి కోటి నలభై లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది. డబ్బే ఓడించిందంటే నేను పూర్తిగా ఒప్పుకోను. ప్రత్యర్థి జార్జ్ లాటిమర్ వెస్ట్‌చెస్టర్ కౌంటీలో ఇంటింటికీ తెలిసిన మనిషి. అయినా అంత సొమ్ము కొద్దిపాటి ఓటర్ల మీద కుమ్మరిస్తే ఏమీ కాదనడం అమాయకత్వం.

మన దగ్గర సిట్టింగ్ ఎమ్మెల్యే భయపడేది ప్రైమరీకి కాదు, అధిష్ఠానం చేయించే సర్వేకి. బి-ఫారం ఎవరికి దక్కిందో గ్రామ కార్యకర్త టీవీలో చూసి తెలుసుకుంటాడు. 2014 లోక్‌సభ ఎన్నికలప్పుడు కాంగ్రెస్ పార్టీ కొన్నిచోట్ల ప్రైమరీలు పెట్టింది. వడోదరలో అలా గెలిచిన నరేంద్ర రావత్, మోదీ బరిలోకి రాగానే తప్పుకున్నారు. టికెట్ మధుసూదన్ మిస్త్రీకి వెళ్లింది. అమెరికాలోని తెలుగువారికి టికెట్ పైనుంచి వచ్చే ఆ ఇబ్బంది లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్, సన్నీవేల్ ప్రాంతంలో రో ఖన్నా 2014లో మైక్ హోండా చేతిలో ఓడి, 2016లో ఆయన్నే ఓడించారు. కాలిఫోర్నియాలో ప్రైమరీలో ముందున్న ఇద్దరూ, ఒకే పార్టీవారైనా సరే, నవంబరులో తలపడతారు. పెద్ద సంఖ్యలో జనం వచ్చేది అప్పుడే. తెలుగు సంఘాల మహాసభల్లో నేతలతో ఫొటోలు దిగి చందాలిచ్చే మనవాళ్లలో ప్రైమరీ బ్యాలెట్ చూసినవారు ఎందరో!

ఒకాసియో కోర్టెజ్ గెలుపు హోరులో 2018 సెప్టెంబరు నాటి రాష్ట్ర ప్రైమరీ పెద్దగా ఎవరికీ గుర్తులేదు. న్యూయార్క్ రాష్ట్ర సెనేట్‌లో ఐడీసీ అనే ఎనిమిది మంది డెమోక్రాట్ల వర్గం ఏళ్ల తరబడి రిపబ్లికన్లతో చేతులు కలిపి నడిచింది. వాళ్ల సంగతి ఓటర్లకు వివరించడానికే స్థానిక బృందాలకు ఎంతో కాలం పట్టింది. ఆ సెప్టెంబరు ప్రైమరీలో ఎనిమిది మందిలో ఆరుగురు ఓడారు. ఓడినవారిలో వర్గనేత జెఫ్ క్లైన్ ఒకరు; ఆయన్ను అలెస్సాండ్రా బియాజీ ఓడించారు. నవంబరులో సెనేట్ డెమోక్రాట్ల చేతికి వచ్చింది. 2019 జనవరిలోనే ముందస్తు ఓటింగుకు, రెండు ప్రైమరీలను ఒకే రోజుకు తేవడానికి చట్టాలు చేశారు. పార్టీ నమోదు మార్చుకునే గడువును కూడా ఆ తర్వాత అక్టోబరు నుంచి ఎన్నికల ఏడాది ఫిబ్రవరి 14కు జరిపారు.