ముఖానికి ముసుగు... చేతిలో బుట్ట!

పూరిం పండగ రోజున ఇజ్రాయెల్ వీధుల్లో పోలీసెవరో, దొంగెవరో చెప్పడం కష్టం. లాఠీ తిప్పుతూ ఎదురొచ్చే పోలీసుకు ఆరేళ్లు. కిరీటం జారిపోకుండా పట్టుకుని నడుస్తున్న రాణిగారికి నాలుగు. వెనకాలే సింహం తోక తగిలించుకుని వస్తున్న పెద్దమనిషి వాళ్ల నాన్న. ముగ్గురి చేతుల్లోనూ బుట్టలే. పొరుగింటికొకటి, పంతులమ్మకొకటి, రెండు వీధుల అవతల ఉన్న అమ్మమ్మకొకటి...

యూదుల క్యాలెండర్‌లో అదారు నెల 14న వస్తుందీ పండగ. పూర్వం నుంచీ ప్రాకారం ఉన్న జెరూసలేంలో మాత్రం మర్నాడు. పున్నమి రోజులు కాబట్టి చాలా ఏళ్లు మన హోళీకి కాస్త అటూ ఇటూగా పడుతుంది. 2025లో అయితే రెండూ మార్చి 14నే! కొంకణ్ తీరంలో తరతరాలుగా ఉంటున్న బెనె ఇజ్రాయెల్ యూదులు దీన్ని మరాఠీలో 'హోళీచా సణ్' అనే పిలుచుకున్నారు. వాళ్లిళ్లలో ఆ రోజు పూరణ్ పోళీ ఉంటుంది... అంటే మన బొబ్బట్టే.

పండగ వెనకున్న కథ బైబిల్లోని ఎస్తేరు గ్రంథంలోది. పర్షియా రాజు అహష్వేరోషు. ఇండియా నుంచి కూషు దాకా 127 సంస్థానాలకు ప్రభువు. మొర్దెకై అనే యూదుడు తనకు వంగి దండం పెట్టలేదని ప్రధానికి కోపం వచ్చింది. ఆ ప్రధాని పేరు హామాను. ఒక్కడి మీద కోపంతో రాజ్యంలోని యూదులందర్నీ ఒకే రోజున చంపించాలనుకున్నాడు. ముహూర్తం కోసం చీట్లు వేయించాడు. ఆ చీటీకే 'పూరు' అని పేరు. ఇంతకీ రాణి ఎస్తేరూ యూదురాలేనన్న సంగతి రాజుగారికి తెలీదు. వరసకు అన్న అయ్యే మొర్దెకైయే ఆమెను పెంచాడు. పిలవకుండా రాజు ముందుకెళితే ప్రాణం పోవచ్చు. అయినా వెళ్లింది. రాజునీ, హామానునీ విందుకు పిలిచింది. వరసగా రెండు రోజులు విందు పెట్టి, రెండోనాడు నిజం బయటపెట్టింది. మొర్దెకై కోసం హామాను సిద్ధం చేయించిన ఉరికొయ్యే చివరికి హామానుకు దక్కింది.

తన వాళ్లెవరో దాచిన రాణి కథ కదా, అందుకే ఈ వేషాలు అంటారు చాలామంది.

హడావుడి పండగకు ముందే మొదలవుతుంది. ఇజ్రాయెల్‌లో బళ్లలో, ఆఫీసుల్లో ఓ ఆట ఆడతారు. దాని పేరు 'మరుగుజ్జు-మహాకాయుడు'. అందరి పేర్లూ చీట్ల మీద రాసి తలా ఒకటి తీయాలి. ఎవరి పేరు వస్తే వాళ్లకు కొన్ని రోజులపాటు దొంగచాటుగా చిన్న చిన్న బహుమతులు పెట్టాలి. బల్ల సొరుగులో ఓ చాక్లెట్, సంచీలో ఓ ఉత్తరం. ఇచ్చిందెవరో చివరి రోజు దాకా తెలియకూడదు. హామాను చీట్లు చంపడానికైతే, ఈ చీట్లు ఇందుకన్నమాట!

ముందురోజు రాత్రి, మళ్లీ పండగ పొద్దున ఎస్తేరు గ్రంథం మొత్తం చదువుతారు. ప్రార్థనా మందిరంలో పిల్లలు ఇంత అల్లరి చేసినా ఎవరూ కసరని రోజు ఇదొక్కటే. హామాను పేరు వినపడితే చాలు, గిరగిరా తిప్పే గిలకలు కరకరమంటాయి, కాళ్లు నేలను దంచుతాయి. ఆ పేరును చెప్పుల అడుగున రాసుకొచ్చి మరీ తొక్కేవాళ్లున్నారు. అమెరికాలో కొన్నిచోట్ల గిలకలకు బదులు మాకరోనీ డబ్బాలు తెమ్మంటారు. ఊపితే గలగలమంటాయి. చదవడం అయ్యాక ఆ డబ్బాలన్నీ పేదల ఆహార కేంద్రానికి వెళ్తాయి. ఎవరికి తట్టిందో కానీ, మంచి ఆలోచన.

ఇక వంటింట్లో 'హామాన్‌టాషెన్'. హీబ్రూలో 'హామాను చెవులు'. మైదాలో వెన్న, పంచదార, గుడ్డు కలిపి, ముద్దను ఓ అరగంట చల్లగా ఉంచాలి. పలచగా ఒత్తి గ్లాసు అంచుతో గుండ్రటి బిళ్లలు కోయాలి. గసగసాలు నూరి పాలు, తేనెతో చిక్కగా ఉడికించిన పూర్ణం చెంచాడు పెట్టి, మూడు అంచులూ పైకి మడిచి మూలలు గట్టిగా నొక్కాలి. 180 డిగ్రీల ఓవెన్లో పావుగంట చాలు. పూర్ణం ఎక్కువైతే మాత్రం చెవులు విచ్చుకుని బిస్కెట్టు చదునైపోతుంది. కజ్జికాయ చేసే చేతులకు ఈ జాగ్రత్త కొత్తేమీ కాదు.

అలా చేసినవే బుట్టల్లోకి ఎక్కుతాయి. వెంటనే తినడానికి వీలైన పదార్థాలు కనీసం రెండు, కనీసం ఒకరికి పంపాలన్నది నియమం. దాని పేరులోనే 'పంపడం' అన్న మాట ఉంది కాబట్టి వేషాలేసిన పిల్లలు దూతలవుతారు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. రెండు పదార్థాలు కాస్తా పది అయ్యాయి. బుట్టకు జిలుగు కాగితాలు, ఇంటిల్లిపాదీ వేసుకున్న వేషానికి తగ్గ అలంకరణ... ఆ ఇంటి నుంచి అంత వచ్చింది కాబట్టి మనమూ అంత పంపాలన్న లెక్కలు. చాలీచాలని సంపాదన ఉన్న ఇంటికి ఈ పండగ గుబులు పుట్టించడంలో వింతేముంది!

పాతకాలం పెద్దలు ఇది ముందే ఊహించినట్టున్నారు. పేదలకు ఇవ్వడాన్ని పూరింలో విడదీయరాని భాగం చేశారు. కనీసం ఇద్దరికి ఇవ్వాలి. అదీ ఆ రోజే అందాలి... ఎందుకంటే వాళ్లూ ఆ పూటే విందు చేసుకోవాలి. చెయ్యి చాచిన వాడిని నువ్వు నిజంగా పేదవాడివేనా అని ఆరా తీయకూడదు. 12వ శతాబ్దపు పండితుడు మైమోనిడిస్ ఇంకో అడుగు ముందుకేశాడు. విందుకూ బుట్టలకూ పెట్టే ఖర్చు కన్నా పేదలకిచ్చేది ఎక్కువగా ఉండటమే మేలన్నాడు. ఆ మాట పట్టుకునే కొన్ని ఊళ్లలో ఇప్పుడు ఇంటికి ఒకే బుట్ట వెళ్తుంది. పంపిన వాళ్లందరి పేర్లూ ఒకే కార్డు మీద ఉంటాయి. మిగిలిన డబ్బు దానానికి.

మరి దానం పుచ్చుకునేవాడి సంగతి? అతనూ ఇవ్వాల్సిందే! ఆ రోజు ఇచ్చే హక్కు అందరిదీ. తల్ముద్‌లో ఇద్దరి ముచ్చటొకటి ఉంది. అబయె బర్ అవిన్, రబ్బీ హనీనా బర్ అవిన్ తమ భోజనాలను ఒకరికొకరు మార్చుకునేవారట. ఉన్నదాంట్లోనే ఇద్దరూ ఇచ్చినట్టయింది, ఇద్దరూ తిన్నట్టయింది.

మధ్యాహ్నం మొదలైన విందు చీకటి పడేదాకా సాగుతుంది. హామానెవరో మొర్దెకై ఎవరో తెలియనంతగా తాగాలని తల్ముద్‌లో ఓ మాట ఉంది. కాస్త పుచ్చుకుని ఓ కునుకు తీసినా చాలు, నిద్రలో ఎలాగూ ఇద్దరికీ తేడా తెలియదు కదా అని తర్వాతి పండితులు దారి చూపించారు. పిల్లలకు ద్రాక్షరసం.

అతిథులు వెళ్లాక బల్ల నిండా ఇచ్చినవాటికన్నా వచ్చిన బుట్టలే ఎక్కువ కనిపిస్తాయి. సరిగ్గా నెలకు పస్కా పండగ. అప్పటికి ఇంట్లో పులిసిన పిండితో చేసిన తునక కూడా ఉండకూడదు. కాబట్టి ఆ బిస్కెట్లన్నీ ముప్ఫై రోజుల్లో ఖాళీ చేయాలి. పిల్లలు పొద్దున్నే డబ్బా మూత తీస్తారు, ఎవరూ ఏమీ అనరు.