వలయం వరుసగా మారితే

ఏ దేశానికి బృందయాత్రగా వెళ్ళినా, కార్యక్రమంలో ఒక సాయంకాలాన్ని "సంప్రదాయ విందు, సంగీతం, నాట్యం" కోసం కేటాయిస్తారు. ఐర్లండులో అయితే మాంసం, బంగాళాదుంపలు కలిపి ఉడికించిన పులుసు, సోడా రొట్టె, ఫిడేలు, చేతులు కదలకుండా పాదాలతోనే సాగే నాట్యం. హైదరాబాదులో అయితే బిర్యానీ, ఆపైన శిల్పారామం వంటి చోట వేదికమీద కూచిపూడి, పేరిణి, బతుకమ్మ.

ఇదంతా బూటకమని కొట్టిపారేయడం రసజ్ఞులలో పరిపాటి. ఆ తీర్పు నాకు సమ్మతం కాదు. ఐర్లండు వారి బంగాళాదుంప, మన మిరపకాయ రెండూ అమెరికా ఖండాలనుంచి వచ్చినవే. శుద్ధతను కొలబద్దగా పెట్టుకుంటే ఏ విస్తరీ మిగలదు. నేను అడిగే ప్రశ్న వేరు: ఆడేవారి ముఖం ఎటువైపు ఉంది?

కూచిపూడి ప్రేక్షకుని ఉద్దేశించిన కళ. ముఖం అతనివైపు ఉండవలసిందే. బతుకమ్మ అటువంటిది కాదు. నడుమ పూలు, చుట్టూ స్త్రీలు, అందరి చూపూ లోపలికే. ఒకరు పాట ఎత్తుకుంటే తక్కినవారు అందుకుంటారు. చూసేవారు లేకపోయినా అందులో లోటేమీ లేదు. దానిని వేదిక ఎక్కించగానే, ఎవరి వీపూ సభకు కనబడకూడదు కనుక వలయం విచ్చుకుని అర్ధచంద్రమవుతుంది. పాట ధ్వనిముద్రికలోనుంచి వస్తుంది. చప్పట్లు మిగులుతాయి, గొంతులు పోతాయి.

ఐరిష్ నాట్యానికీ ఇదే జరిగింది. ఊళ్ళలో నాలుగు జంటలు చతురస్రంగా, ఎదురెదురుగా నిలిచి ఆడే పద్ధతి ఉంది. 1994లో డబ్లిన్‌లో యూరోవిజన్ పాటల పోటీ విరామంలో ప్రదర్శించిన రివర్‌డాన్స్ నర్తకులను సభకు అభిముఖంగా వరుసలో నిలబెట్టింది. దానివల్ల ఆ నాట్యం ప్రపంచానికి తెలిసింది. అయితే అక్కడ ఇల్లు ఖాళీ కాలేదు. 1935 నాటి చట్టం బహిరంగ నృత్యాలకు లైసెన్సు తప్పనిసరి చేసిన తరువాత ఇళ్ళలో జరిగే ఆటపాటలు సన్నగిల్లినా, 1951లో సంగీతాభిమానులు సంఘంగా ఏర్పడి ఆ విద్యను పిల్లలకు అందించారు. నేటికీ పబ్బులలో వాద్యకారులు ఒక బల్లచుట్టూ, ఒకరికొకరు ఎదురుగా కూర్చుని వాయించుకుంటారు. అతిథికోసం వరుస, తమకోసం వలయం రెండూ ఉన్నాయి.

మనకూ రెండూ కావాలి. వరుసకు వేదిక చాలు. వలయానికి నేల కావాలి, నీరు కావాలి. మన అంబర్‌పేటలో బతుకమ్మ పేరే పెట్టుకున్న కుంట పూడిపోయి, తుప్పలకింద కనుమరుగై, 2025లో గాని మళ్ళీ నీటితో కళకళలాడలేదు. 2014లో బతుకమ్మ రాష్ట్రపండుగ అయింది. గౌరవం ముందు దక్కింది, కుంట పదకొండేళ్ళకు దక్కింది. ఈ వరుసక్రమం మన ప్రాధాన్యాలను చెప్పకనే చెబుతున్నది.

కనుక నా సూచన ఒకటే. పండుగ తొమ్మిది రోజులలో వచ్చే యాత్రికులను వేదిక ముందు కుర్చీలలో కాక, కుంట గట్టుకు తీసుకువెళ్ళాలి. వచ్చిన స్త్రీలు చెప్పులు విడిచి వలయంలో నిలవాలి, చప్పట్ల లయ నేర్చుకోవాలి. మగవారు పక్కన కూర్చుని వినాలి. సద్దుల రోజైతే, బతుకమ్మలను నీట విడిచాక పులిహోర, పెరుగన్నం, నువ్వుల పొడి, మలీద పంచుకుంటారు. విందు, సంగీతం, నాట్యం మూడూ అక్కడే ఉన్నాయి. ఎవరూ కొత్తగా ఏర్పాటు చేయనక్కరలేదు.

ఆడేవారు అప్పుడు ప్రదర్శన వస్తువులు కారా అన్న ఆక్షేపణ సహేతుకమైనదే. అందుకే అతిథులు కొద్దిమందే ఉండాలి, అక్కడి స్త్రీల అనుమతి ఉండాలి, కెమెరాలు సంచులలో ఉండాలి. రెండు చేతులూ చప్పట్లకు కావలసినప్పుడు ఫొటో తీయడానికి మూడవ చెయ్యి ఎక్కడిది?

అతిథికి పెట్టే విస్తరిలో ఇంటివారు తినేదే ఉండాలి. ఇంట్లో వండుకోవడం మానేసిన వంటను బయటివారికి ఎంత అలంకరించి వడ్డించినా, కొన్నాళ్ళకు దాని రుచి చెప్పగలిగినవారు ఆ ఇంట్లోనే ఉండరు.