ఫైర్‌ఫాక్స్ ఫ్రీనే.. మరి మొజిల్లాకు డబ్బులెవరిస్తున్నారు?

భీమ్‌గల్ నుంచి బోధన్ దాకా ఫోన్‌లో బ్రౌజర్ అంటే చాలామందికి క్రోమే. దానికి పోటీగా నిలబడ్డ ఫైర్‌ఫాక్స్‌ను నడిపేది మాత్రం లాభాపేక్ష లేని మొజిల్లా ఫౌండేషన్ చేతిలోని కంపెనీ. వాడేవాళ్లు రూపాయి కట్టక్కర్లేదు. మరి ఖర్చులెలా వెళ్తున్నాయ్?

ఎక్కువ భాగం గూగులే ఇస్తోంది. ఫైర్‌ఫాక్స్‌లో ఏదైనా వెతికితే ముందుగా గూగుల్ సెర్చే వస్తుంది. అందుకే ఈ చెల్లింపు. 2023లో మొజిల్లా ఆదాయం సుమారు 65.3 కోట్ల డాలర్లు. అందులో 49.5 కోట్లు రాయల్టీలే. ఇవి ప్రధానంగా సెర్చ్ ఒప్పందాలవే. అంటే వందకు 76.

బోధన్‌కు తెలిసిన కథే

ఒక్కరినే నమ్ముకుంటే ఏమవుతుందో నిజామాబాద్ జిల్లాకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1937లో మొదలైన నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించింది. ఫ్యాక్టరీని నమ్ముకుని చెరకు వేసిన రైతులు, కార్మికులు ఇబ్బంది పడ్డారు. మొజిల్లాకూ అదే భయం. పైగా ఇక్కడ డబ్బులిచ్చేవాడే పోటీదారు.

కోర్టులో ఏం జరిగింది?

సెర్చ్‌లో గూగుల్‌ది చట్టవిరుద్ధ గుత్తాధిపత్యమని 2024 ఆగస్టులో అమెరికా కోర్టు తేల్చింది. ఈ చెల్లింపులే ఆపాలని అక్కడి ప్రభుత్వం కోరింది. అదే జరిగితే ఫైర్‌ఫాక్స్ మూతపడొచ్చని 2025 మేలో మొజిల్లా సీఎఫ్‌ఓ ఎరిక్ ముల్‌హైమ్ కోర్టుకు చెప్పారు. సెప్టెంబర్‌లో జడ్జి అమిత్ మెహతా ఎక్స్‌క్లూజివ్ ఒప్పందాలు వద్దన్నారు, చెల్లింపులను మాత్రం ఆపలేదు. మొజిల్లా ఊపిరి పీల్చుకుంది.

వేరే దారులు లేవా?

వెతుకుతూనే ఉంది. 2014లో యాహూతో ఒప్పందం చేసుకుంది. 2017లో మళ్లీ గూగుల్ దగ్గరికే వచ్చింది. డబ్బులకు వీపీఎన్ అమ్ముతోంది. 2024లో అనానిమ్ అనే ప్రకటనల కంపెనీని కొంది. 2017లో కొన్న పాకెట్ యాప్‌ను 2025 జులైలో మూసేసింది. 2023లో సబ్‌స్క్రిప్షన్లు, ప్రకటనలు కలిపి వచ్చింది దాదాపు 6.5 కోట్ల డాలర్లే. ఫౌండేషన్‌కు ఇచ్చే విరాళాలు దాని కార్యక్రమాలకే పోతాయి, ఫైర్‌ఫాక్స్ తయారీకి కాదు.

మనకేంటి?

క్రోమ్, ఎడ్జ్ రెండూ గూగుల్ ఇంజిన్ మీదే నడుస్తాయి. సొంత ఇంజిన్‌తో మిగిలిన పెద్ద బ్రౌజర్లు యాపిల్ సఫారీ, ఫైర్‌ఫాక్స్. ఇందులో ఆండ్రాయిడ్ ఫోన్‌లో దొరికేది ఫైర్‌ఫాక్స్ ఒక్కటే. వాలంటీర్ల పుణ్యమా అని అది తెలుగులోనూ ఉంది. కోర్టు తీర్పుతో టైమ్ దొరికింది. కొత్త ఆదాయం మాత్రం ఇంకా దొరకలేదు.